చెప్పుతోలు నాలుక

మేనమామ రహస్యాన్ని దొంగిలించాలని మేనల్లుడు నిశ్చయించుకున్నది ఉల్లిపాయలు తరుగుతూ. అందువల్ల కళ్ళలో నీళ్ళు తిరిగినా వంటగదిలో ఎవరూ పట్టించుకోలేదు. ఆ నీళ్ళు ఉల్లిపాయల వల్లనో, పాపభీతి వల్లనో అతను కూడా తేల్చుకోలేదు.

ఆ హోటలుకి పేరు తెచ్చింది ఒకే ఒక్క వంటకం. కోడి ఖైమాలో మిరియాలు, అల్లం, దాల్చినచెక్క పొడి కలిపి, ఉండలు చుట్టి, వేయించి, ఆల్‌బుఖారా పళ్ళ సాసులో మగ్గనిస్తారు. ఖైమా కొట్టేది మేనల్లుడు. ఉండలు చుట్టేది, వేయించేది, పళ్ళు ఉడికించి గింజలు తీసి గుజ్జు చేసేది, దానికి మసాలా పట్టించేది కూడా అతనే. పేరు మాత్రం మామయ్యది. ఎందుకంటే సాసుకి ఆఖరి మెరుగు మామయ్య పెట్టేవాడు, పక్క గదిలో తలుపు మూసుకుని.

ఈ తలుపు మూసే అలవాటు మొదట్లో లేదు. కొన్నేళ్ళ కిందట పెద్ద జ్వరంతో మంచం పట్టి లేచాక మొదలైంది. చిత్రమేమిటంటే సాసుకి పేరొచ్చింది కూడా అప్పట్నుంచే. జ్వరం మనిషిని పుటం పెట్టి బంగారాన్ని చేసిందని యజమాని అందరికీ చెప్పేవాడు. ఒకప్పుడు టీలో చక్కెర రవ్వంత తగ్గితే గ్లాసు విసిరికొట్టిన మనిషి, ఇప్పుడు చక్కెర వేయడమే మరిచిపోయిన టీని కూడా కిమ్మనకుండా తాగేస్తున్నాడు. విద్య ముదిరితే వైరాగ్యం వస్తుందని వడ్డించేవాళ్ళు గుసగుసలాడుకునేవారు.

రోజూ పొద్దున్న ఒక తతంగం జరిగేది. మామయ్య గరిటెడు సాసు తీసి, అందరూ చూస్తుండగా, మేనల్లుడి నోటికి అందించేవాడు. ఏం తక్కువైందో చెప్పమనేవాడు. పులుపు మింగేస్తోందనో, మిరియాలు నిద్రపోతున్నాయనో, కాస్త బెల్లం పడాలనో మేనల్లుడు గొణిగేవాడు. మామయ్య పకపకా నవ్వేవాడు. "నీది నాలుక కాదురా, చెప్పుతోలు," అనేసి, గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేవాడు.

కాసేపటికి గిన్నె బయటికి వచ్చేది. మేనల్లుడు దొంగచాటుగా వేలు ముంచి నాకి చూసేవాడు. తను ఎత్తిచూపిన లోపాల్లో ఒక్కటీ కనబడేది కాదు. అంటే లేనివి కల్పించి చెప్పానన్నమాట, అనుకుని కుంచించుకుపోయేవాడు. ఏళ్ళ తరబడి అలా కుంచించుకుపోగా పోగా అతనిలో చివరికి ఒక చిన్న గట్టి గింజ మిగిలింది. అది ఈర్ష్య.

ఆ గింజకి నీళ్ళు పోసింది ఎదురుగా కొత్త హోటలు పెడుతున్న పెద్దమనిషి. మూసిన గదిలో సాసులో కలిపేదేమిటో పసిగట్టి తెస్తే తన వంటగదికి పెద్ద మాస్టర్ని చేస్తానన్నాడు. "అది లేకుండా మాత్రం రాకయ్యా. ఖైమా కొట్టేవాళ్ళు నాకు వీధికి పదిమంది దొరుకుతారు," అని కూడా అన్నాడు. ఇంట్లో భార్య అంతకంటే సూటిగా చెప్పింది. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషితో కాపురం తనకి అలవాటైపోయిందట. కానీ ఆ వేలు ఎప్పుడు చూసినా మామయ్యదే కావడం విసుగ్గా ఉందట.

మామయ్య తలుపేసుకునే గదిని ఆనుకునే సామాన్ల కొట్టు ఉంది. రెంటికీ మధ్య గోడలో, పైన, గాలి ఆడడానికి వదిలిన చిన్న కిటికీ. దాని కిందే బంగాళాదుంపల బస్తాలు. బస్తాలెక్కి చూడాలన్న ఆలోచన ఇన్నేళ్ళూ రాకపోవడానికి కారణం భయం కాదు. అక్కడ కనిపించేది తనకి అర్థమయ్యే స్థాయిలో ఉండదని నమ్మకం.

ఆ పొద్దున్న గరిటె నోటికి అందినప్పుడు సాసు దివ్యంగా కుదిరిందనిపించింది. ఒక్క నిమ్మచెక్క పిండితే చాలు. కానీ రహస్యం చిక్కితే ఇక్కడ ఇదే ఆఖరి రోజు కదా. ఎలాగూ చెప్పుతోలన్న బిరుదు ఖాయం. ఊరికే తిట్లు తినే బదులు, పోతూ పోతూ ఈ తతంగాన్నే వెక్కిరించి పోదామనుకున్నాడు.

"ఉప్పు చాల్లేదు మామయ్యా. ఇంకో రెండు గుప్పిళ్ళైనా పడాలి."

"రెండు గుప్పిళ్ళా!" మామయ్య పొట్ట పట్టుకున్నాడు. "ఒరేయ్, మా అక్క నిన్ను ఉప్పుమడిలో గానీ కన్నదా ఏంట్రా?"

వంటగదంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యే గడియ పడింది.

మేనల్లుడు కొట్టులోకి దూరి బస్తాలెక్కాడు. చూసీ చూడగానే నీరుగారిపోయాడు. గదిలో ఏ రహస్య సీసా లేదు. అరమీద ఉన్నవి అతను స్వయంగా కడిగి, ఎండబెట్టి, నింపిన డబ్బాలే.

మామయ్య తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఇందాక నవ్విన మొహం కాదది. పరీక్ష హాల్లోకి అడుగుపెట్టిన పిల్లవాడి మొహం. మరిచిపోతానేమోనన్నట్టు పెదవులు ఏదో వల్లె వేస్తున్నాయి. మంత్రమేమోనని మేనల్లుడు ఊపిరి బిగబట్టి చెవి రిక్కించాడు.

మామయ్య ఉప్పు డబ్బా మూత తీశాడు. గుప్పెడు తీసి సాసులో వేశాడు. కాస్త ఆగి, వేళ్ళు మడిచి చూసుకుని, ఇంకో గుప్పెడు వేశాడు. బాగా కలిపి, గరిటెడు నోట్లో పోసుకున్నాడు. మొహంలో ఒక్క ముడతైనా పడలేదు. మంచినీళ్ళు తాగినట్టు గుటక వేసి, మూతి తుడుచుకుని, గడియ తీయబోతూ తనలో తను గొణుక్కున్నాడు.

"వెధవ... వాడి నాలుక ఒక్కనాడైనా తప్పు చెప్పదు."