కోస్తరా, కొయ్యరా?

“తల కోస్తరా, కొయ్యరా? ముందు గది చెప్పు బిడ్డా.”

వెనక వరుసలోంచి వచ్చిన ఆ ప్రశ్నతో ఘనపూర్ పంచాయతీ హాలులో తలలన్నీ వెనక్కి తిరిగాయి.

మైకు పట్టుకున్న శృతికి మాసిన చొక్కాలో ఒక ముసలాయన కనిపించాడు. అంతవరకూ సభ బాగానే నడిచింది.

శృతిది జనగామ. హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలలో మెదడులోని కొవ్వుల మీద పనిచేస్తోంది. నీళ్లు తీసేస్తే మెదడులో సగానికి పైగా కొవ్వే. మందులు కొట్టకుండా పండించిన అవిసెలు ఏళ్ల తరబడి తిన్నవాళ్లలో ఆ కొవ్వు చెడకుండా ఉంటుందా, ముసలితనంలో మతిమరుపు రాకుండా కాస్తుందా? ఆమె తేల్చాల్సింది అదే.

రక్తం సగం సంగతే చెబుతుంది. మిగతా సగం మెదడే చెప్పాలి. మనిషి పోయిన కొద్ది గంటల్లో దాన్ని తీయాలి.

ఇప్పటిదాకా ఒక్క కుటుంబమూ ఇవ్వలేదు. ఈ ఎండాకాలం దాటేలోగా ఒక్క మెదడైనా రాకపోతే పని మూసేయమని పైవాళ్లు చెప్పేశారు.

“అదొక చిన్న పద్ధతి తాతా. డాక్టర్లు చూసుకుంటరు,” అంది శృతి.

“పద్ధతి సరే. కోస్తరా, కొయ్యరా?”

పోయాక మెదడు ఇస్తానని పొద్దున ఒప్పుకున్న పోశాలు లేచి కండువా దులుపుకున్నాడు.

“నాతోని కాదు మేడం. తెలివంత ఈడనే ఇచ్చిపోతె వచ్చే జల్మల మొద్దోన్నై పుడ్త.”

“ఇప్పుడేమన్న తక్కువున్నవా?” పక్కనుంచి ఎవరో అన్నారు.

హాలంతా నవ్వింది. నవ్వుతూనే అందరూ బయటికి నడిచారు.

“ఎవరాయన?” హాలుకు తాళం వేస్తున్న పంచాయతీ మనిషి ఐలేశ్‌ని అడిగింది శృతి.

“మా ఊరోడు గాదక్కా. బస్సు దిగి వచ్చిండు.”

తర్వాతి క్యాంపు గూడూరు దగ్గరి తండా బడిలో. భీమ్లా, అతని భార్య కమ్లీ ముందే ఒప్పుకున్నారు. పదిమంది ముందు ఆ మాట వాళ్లు మరోసారి చెబితే చాలు, మిగతావాళ్లకు ధైర్యం వస్తుందని శృతి ఆశ.

రక్తం తీసే మిథున్ ఆమె చెవిలో గొణిగాడు.

“వెనక చూడు. మన చుట్టం మళ్ల వచ్చిండు.”

అదే ముసలాయన. అదే మాసిన చొక్కా.

శృతి మాట ముగించకముందే ఆయన లేచాడు.

“కోసినంక కుడతరా? ముఖం ఎప్పటి లెక్కనే ఉంటదా? మావోళ్లు తల మీదికెల్లి నీళ్లు పోసి తానం చేపిస్తరు. గది కుదుర్తదా?”

కమ్లీ ముఖం మాడిపోయింది. భర్త చెయ్యి పట్టి లేపింది.

“మా ఆయన తలకాయ మాకే ఉండనీ మేడం. అరవై ఏండ్ల సంది అండ్లనే లొల్లి ఉన్నది, ఇంక మీరేం జూస్తరు.”

తండా బడి ఖాళీ అయింది.

బోరింగు దగ్గర నీళ్లు తాగుతున్న ముసలాయన ముందుకు వెళ్లి నిలబడింది శృతి.

“మిమ్మల్ని ఎవరు పంపుతున్నరు తాతా?”

“ఎవలు పంపుతరు? నా కాళ్లే పంపినయి.”

“ఊరూరు తిరిగి నా పని ఎందుకు ఆగం చేస్తున్నరు?”

“అడిగినదానికి నువ్వు ఆ దినమే జవాబు చెప్తె ఇంత దూరం రాకపోదును.”

ఆమెకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ మెత్తమెత్తగా చుట్టి చెప్పిన సంగతి ఒక్క ఊపున బయటపడింది.

“కోస్తరు. చెవుల వెనకకెల్లి కోస్తరు. పుర్రె రంపంతోనే తెరుస్తరు. మెదడు తీసి మళ్ల కుడతరు. ముఖానికేం కాదు. తానం పోయొచ్చు. అదే దినం ఇంటికి ఇస్తరు. సాలా?”

ముసలాయన తుండుతో మూతి తుడుచుకున్నాడు.

“సాలు. గింత దానికి నన్ను గూడూరు దాక తిప్పినవ్.”

“ఇంకోసారి మా క్యాంపుల కనబడకండి.”

“ఇంక రాను బిడ్డా.”

అన్నట్టే రాలేదు. జనమూ రాలేదు.

ఎండలు ముదిరాయి. జనగామలో క్యాంపుల కోసం తీసుకున్న అద్దె గదిలో శృతి ఐసు పెట్టెలు సర్దేస్తుండగా భూపాలపల్లి దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో రైతు పొద్దున గుండె ఆగి చనిపోయాడు. ఇంటివాళ్లు మెదడు ఇస్తామని వాళ్లంతట వాళ్లే శవాన్ని తీసుకొచ్చారు.

ఆమె, మిథున్ వెళ్లేసరికి డాక్టర్లు లోపల పని మొదలుపెట్టారు. ముసలామె ఒకతి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. పేరు బాలనర్సమ్మ, పోయిన రైతు భార్య.

శృతి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

“అవ్వా, ఆయన అవిసెలు తినేటోడా?”

“అవిసె కారం లేంది ముద్ద దిగకపోవు. యాసంగిల మావి అవిసెలే. మందు డబ్బా ఇంట్లకు రానియ్యలే.”

శృతి ఇన్నాళ్లూ వెతికింది సరిగ్గా ఇలాంటి మనిషి కోసమే. లోపల జరుగుతున్నది చెప్పాలని నోరు తెరిచింది.

“అవ్వా, లోపల ఇప్పుడు...”

“నాకెరుకే బిడ్డా. ఆయన ఎప్పుడో ఇస్తనన్నడు, నేనే ఒప్పుకోలే. ముఖమెట్ల చూడాలె, నీళ్లెట్ల పొయ్యాలె అని లొల్లి పెట్టిన. నా సందేహాలన్ని పట్టుకొని మీటింగులెంబడి తిరిగి అడిగొచ్చిండు. ఎవరో జనగామ పిల్లంట, జర కోపంగల్లదే గని అబద్ధమాడదు, నా తల ఆ పిల్లకే ఇయ్యమన్నడు.”