పదహారింతల పేజీ

తొంభయ్యారమ్మ పొద్దున్నే కీబోర్డు ముందు కూర్చుని రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

సాయంత్రం నాలుగింటికి పరీక్ష. కొత్త మిషను మీద ఆమె కెర్నెల్ లేచి పనిచేస్తే ఈసారి విడుదలయ్యే సాఫ్ట్‌వేరులో చేరుతుంది. చతికిలపడితే ఆరు నెలల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. ఆఫీసు పెద్దాయన ఆ మాట నిన్ననే చెప్పేశాడు.

కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి ఇంటి పెద్ద. మెమరీని పేజీలుగా కోసి ప్రోగ్రాములకు పంచుతుంది. పాత మిషన్లో పేజీకి నాలుగువేల తొంభయ్యారు బైట్లు. ఏళ్ల తరబడి అదే చూసిన మహానుభావులు ఆ అంకెను కోడులో ఎక్కడ పడితే అక్కడ రాసి పారేశారు. కొత్తదాని పేజీ దానికి పదహారింతలు. ఈవిడ ఆ అంకెలన్నీ కలుపు పీకినట్టు పీకి, “నీ పేజీ ఎంతమ్మా?” అని మిషన్నే అడిగేలా మార్చింది. ఆఫీసులో తొంభయ్యారమ్మ అన్న పేరు అలా వచ్చిందే.

మార్చడం బాగానే మార్చింది. కొత్త మిషను పేరెత్తితే మాత్రం వేళ్లు చల్లబడతాయి. కిందటివారం రెండుసార్లు తప్పు కమాండు కొట్టి, పరీక్ష మొదలవకముందే ముంచింది.

మిషన్ల గది చూసుకునేది ఆమె అక్క మొగుడే. ఆ అద్దాల గదిలో ఆమె కీబోర్డు వైరును మిషనుకు బిగించి బయటికొచ్చాడు.

“ముందు పాతదాని మీద తిప్పి చూసుకో. దానికి కూడా భయమేనా?”

“దానికెందుకు భయం బావా!”

తిప్పింది. లేచింది.

“లేచింది!”

“లేవక చస్తుందా? ఇంకాస్త బరువెయ్యి.”

ఇక పట్టపగ్గాల్లేవు. మెమరీని గొంతు దాకా నింపింది. ఖాళీ చేసి మళ్లీ నింపింది. వెయ్యి ప్రోగ్రాముల్ని ఒకేసారి దాని మీదికి ఉసిగొల్పింది. తెర నిండా పచ్చ టిక్కులే. ఒళ్లు తెలియని సంతోషంతో కుర్చీలో గిర్రున తిరిగింది, పాట కూడా అందుకుంది. పెద్దాయన ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డాడో గమనించనే లేదు.

అద్దం అవతల కొత్తదాని దీపం గబగబా మిణుకుతోంది.

“చూశావా బావా, నన్ను చూస్తే దానికి గుండెదడ!” అంటూ నాలుక చాపి వెక్కిరించింది.

బావ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

నాలుగైంది. పాట ఆగిపోయింది. చేతులు మళ్లీ చంకల్లోకి పోయాయి.

“ఇక తప్పదుగా,” అంది నీరసంగా. “వైరు కొత్తదానికి మార్చు బావా.”

బావ కదల్లేదు. పెద్దాయన చేతిలోని పరీక్ష కాగితం మీద సంతకం గీకి, కలానికి మూత పెట్టాడు.

“పొద్దుట్నుంచీ నువ్వు ఉతికి ఆరేస్తున్నది కొత్తదాన్నే మరదలా,” అన్నాడు బావ.