తలుపు మీది పి

ఆ పొద్దున గల్లీలోని అరవై రెండు తలుపుల మీదా ఒకటే రాత. టి.జి.

తెల్ల సుద్దతో ముత్యాల్లాంటి అక్షరాలు. అంత అందంగా రాసే చెయ్యి సిద్దిపేటలో ఒక్కటే ఉంది. అది బాలనర్సయ్యది. ఉద్యమం ఊపందుకున్నాక ఆ చేతికి తీరిక లేదు. బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏ.పి. చెరిపి టి.జి. రాయడమే పని. గోడల మీద పెద్ద పెద్ద రాతలు మాత్రం ఎంత బతిమాలినా ఒప్పుకోడు. ప్లేట్లైతే ఎన్ని తెచ్చినా కాదనడు.

ఇంగ్లీషులో ఆయనకు వచ్చింది ఆ నాలుగు అక్షరాలే. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

గల్లీ మొదట్లో జీనత్ ఐసు డబ్బా భుజాన వేసుకుని నిలబడిపోయింది. ఆమె బట్టలు కుట్టుకునే పిల్ల. సహాయ నిరాకరణ వల్ల సర్కారు సిబ్బంది పనిలోకి రావడం లేదు. పోలియో చుక్కలు ఆగకూడదని గల్లీల వాళ్లే ఆ పని మీదేసుకున్నారు. ఈ గల్లీ జీనత్ వంతుకు వచ్చింది.

నిన్న ఇల్లిల్లూ తిరిగింది. చుక్కలు వేసిన ఇంటి తలుపు మీద పి అని రాసింది. పిల్లలు దొరకని ఇంటికి, వద్దన్న ఇంటికి ఇంటు గుర్తు పెట్టింది. ఇవాళ ఆ ఇంటు గుర్తు ఉన్న ఏడు ఇళ్లకు మళ్లీ వెళ్లాలి. ప్రపంచమంతా ఏకమై ఆ జబ్బును తరుముతోందట. ఈ గల్లీలో మాత్రం ఆ తరమడం ఒక సుద్దముక్క మీద ఆధారపడి ఉంది.

సుద్ద గుర్తునే నమ్ముకుని ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు ఆ ఏడు ఇళ్లు ఏవో తెలియదు.

"ఎవలు చేసిన్రు గీ పని?" అని అరిచింది జీనత్.

బాలనర్సయ్య తన బండి మీద అప్పుడే బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"నేనే బిడ్డా! పొద్దుగాల్నే మొత్తం తుడిచి రాసిన. ఎవలో వచ్చి లెక్క తీస్తున్నరు. ఆంధ్రప్రదేశ్ గావాలన్నోళ్లకు పి పెట్టిన్రు, వద్దన్నోళ్లకు ఇంటు పెట్టిన్రు. ఇంటు పెట్టిన ఇండ్లోళ్లను రేపేం జేస్తరో! మన గల్లీల లెక్క ఒకటే. టి.జి.!"

జీనత్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"కాకా, అది ఆంధ్రప్రదేశ్ పి కాదే. పోలియో పి."

బాలనర్సయ్య చేతిలోని సుద్ద జారి పడింది. నిన్నంతా ఆయన బస్టాండు దగ్గర ప్లేట్లు రాస్తూనే ఉన్నాడు. ఇంట్లో చంటిపిల్లలు లేని మనిషి, ఆ గుర్తులతో ఎప్పుడూ పని పడలేదు. మోకాళ్ల మీద లుంగీ సర్దుకుని తల వంచుకున్నాడు. చెవుల దాకా సిగ్గుతో మండిపోయాడు.

"ఊకో కాకా. తప్పు ఎవలైనా చేస్తరు."

"ఎవలైనా చెయ్యచ్చు బిడ్డా. నేను చెయ్యద్దు. కంచె చేను మేసినట్టయింది."

బండిని మొదటి ఇంటి వైపు తిప్పాడు. "గుర్తులు పోతే పిల్లల ఏళ్లు లేవా? పా, సూద్దాం."

నిజమే. చుక్కలు వేసిన ప్రతి బిడ్డకూ ఎడమ చిటికెన వేలికి జీనత్ నల్ల సిరా పెట్టింది.

ఇద్దరూ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టారు. జీనత్ గడప దాటి లోపలికి పోయేది. ఆయన బండి దిగకుండా వాకిట్లోంచే అరిచేవాడు. "పిల్లల చిటికెన ఏళ్లు సూపెట్టున్రి!" జై తెలంగాణ అని అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు అది.

"మొన్న బండ్ల నంబర్లు, ఇయ్యాల పిల్లల ఏళ్లా నర్సన్నా?" అని రాములవ్వ అనే ముసలమ్మ ఆటపట్టించింది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నేనే తుడిచిన అవ్వా. అకల్ లేక, తెల్వక తుడిచిన."

ఆ మాట ప్రతి ఇంటి ముందూ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చచ్చినంత పనైంది. టి.జి. తుడిచేయబోతే జీనత్ వద్దంది. "ఉండనీ కాకా, పక్కకు పి రాయి." నెలల తరబడి పి చెరిపిన చెయ్యి ఆ రోజు వరసగా పి రాసుకుంటూ పోయింది.

మధ్యాహ్నానికి ఆరు ఇళ్లు దొరికాయి. ఏడోది దొరకలేదు. చుక్కల మందు ఉన్న డబ్బాలో ఐసు కరిగిపోతోంది.

గల్లీ చివర బీబీజాన్ ఇల్లు మిగిలింది. వర్గల్ నుంచి పది రోజుల కిందటే కిరాయికి దిగిన కుటుంబం. ఆమెకు గల్లీలో ఇంకా ఎవరూ తెలియదు. గుమ్మానికి పరదా వేలాడుతోంది. ఆమె దాని వెనక నుంచే మాట్లాడింది.

"మా మనుమడు నదీమ్‌కు నిన్ననే ఏసిన్రు."

"ఏలు సూపెట్టు ఖాలా" అంది జీనత్.

బీబీజాన్ గొంతు తగ్గించింది.

"ఏసుకోలే. పోయినసారి ఏసినంక మూడొద్దులు జరమొచ్చింది. మా కోడలు అన్నం ముట్టలే."

జరం వస్తే వచ్చిందిగానీ చుక్కలు మానొద్దని జీనత్ చెప్పింది. తనకు నేర్పిన మాటలన్నీ వరసగా చెప్పింది. లోపల పిల్లవాడు గోడ నుంచి గోడకు పరుగెత్తుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"ఇన్నవా వాని దౌడు? రెండేండ్లకే గుర్రం లెక్క ఉరుకుతుండు. ఒక్కసారి ఏయకుంటే ఏమైతది?"

జీనత్ డబ్బా మూత పెట్టబోయింది.

పొద్దుటి నుంచి దించిన తలను బాలనర్సయ్య అప్పుడెత్తాడు. బండిని గడప దాకా తెచ్చాడు.

"ఏమైతదో నేను చెప్త అమ్మా. జెర పరదా తియ్యి."

బీబీజాన్ విసుక్కుంటూ పరదా ఎత్తేసరికి, బాలనర్సయ్య తన మూడు చక్రాల చేతిబండి మీద కూర్చునే, రెండేళ్ల వయసులో పోలియో మింగేసిన రెండు కాళ్ల మీంచి లుంగీని మోకాళ్ల పైకి జరిపాడు.