ఇల్లు ఖాళీ అయిన పూట

"ఇదేటి?"

కామేష్ చేతిలో నిరోధ్ పేకెట్టు ఉంది. తువ్వాలు కోసం రేకుపెట్టె తెరిచి చీరల మడతల్లో చెయ్యి పెట్టాడు. తువ్వాలు దొరకలేదు. ఇది దొరికింది.

కస్తూరి గుమ్మంలోనే ఆగిపోయింది. మొగుడు లారీ దిగి ఇంకా స్నానమైనా చెయ్యలేదు. అతని కోసం పెరట్లో కట్టెలపొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. అత్త కొల్నార సంతకి వెళ్లింది, సాయంత్రం బస్సుకి గాని రాదు. కూతురు బుజ్జి బడిలో ఉంది. రాయగడలో ఆ ఒంటిగది క్వార్టర్లో మొగుడూ పెళ్లామూ ఇద్దరే ఉండే పూట దొరకడం గగనం. అందుకే కస్తూరి తెల్లారకముందే మునిసిపాలిటీ పనిలో తన వంతు వీధులన్నీ ఊడ్చేసి వచ్చి, తలంటుకుని, కనకాంబరాలు పెట్టుకుంది.

"నిన్నే అడుగుతన్నాను. ఎవరిచ్చేరు నీకిది?"

"ఆస్పత్రి దీదీ, సుభశ్రీ. డ్రైవర్ల పెళ్లాలందరికీ ఇచ్చింది మావా. నాకొక్కదానికేటి కాదు."

"ఊరికే ఇచ్చిందా? ఏటైనా సెప్పి ఇచ్చిందా?"

"ఏటి సెప్తాది?"

"నా గురించి ఏటైనా సెప్పిందా అంటన్నాను!"

అతని గొంతు వణికింది. అది కోపమనుకుంది కస్తూరి.

ఇవాళ అతన్ని అడగాలనే ఆ పేకెట్టు దాచింది. ఎలా అడగాలో కూడా దీదీ నేర్పింది: 'మావా, నువ్వు నెలల తరబడి రోడ్ల మీద ఉంటావు, మనకో ఆడపిల్ల ఉంది, ఇద్దరి మంచికే ఇది వాడదాం' అని. వీధి మీటింగులో తలా ఒకసారి పలికి చూసుకుంటుంటే పక్కింటి చిలకమ్మ పకపకా నవ్వింది. "దీదీకేటి తెలుసు మన మొగోళ్ల సంగతి! ఇది మొగుడి ముందర తీసేవనుకో, ఆడికి రెండే వినిపిస్తాయి. 'నువ్వు తిరుగుబోతువి' అన్నట్టైనా వినిపిస్తాది, లేపోతే 'నాను తిరుగుబోతుని' అన్నట్టైనా వినిపిస్తాది. మూడోది ఆడి సెవికెక్కదు." అందరితోపాటు కస్తూరీ నవ్వింది ఆ రోజు.

ఇప్పుడు నవ్వు రాలేదు. అయినా నోరు విప్పింది.

"మావా, నువ్వు నెలల తరబడి రోడ్ల మీద..."

"ఆఁ? రోడ్ల మీద?" కామేష్ చటుక్కున తలెత్తాడు. "రోడ్ల మీద ఏటి?"

"ఏటీ లేదు. ఎండకి నల్లబడిపోయేవు అంటన్నాను."

కామేష్ మంచం మీద కూలబడ్డాడు. పేకెట్టు గుప్పిట్లోనే ఉంది. కస్తూరి వెళ్లి పక్కన కూచుంది. అతని చొక్కాలోంచి డీజిలూ చెమటా కలిసిన వాసన. ఆ వాసన కోసమే అతను విడిచివెళ్లిన పాత చొక్కా ఒకటి ఉతక్కుండా తలగడ కింద పెట్టుకునేది తను. అత్త చూసి, "మతి గాని పోయిందేటే అమ్మీ, మురికిగుడ్డ మీద తొంగుంటావు?" అని తిట్టేది. ఇప్పుడు ఆ మనిషే పక్కనున్నాడు. భుజం మీద చెయ్యి వేసింది.

అతను భుజం తప్పించాడు.

"అలసిపోయేను."

పోయినసారి వచ్చినప్పుడూ ఇదే మాట. పుష్యమాసం చలిలో ఉక్కపోస్తోందని వసారాలో పడుకున్నాడు. ఆ రోజు ఊరుకుంది. ఈ రోజు ఊరుకోలేకపోయింది.

"దీని మీదే కదా నీ అలక? ఇటివ్వు, పారేస్తాను."

"ఉండనీ."

"ఎందుకుండాలి? మీయమ్మకి సూపించడానికా?"

"అది కాదే..."

"మరేటి? సీపురట్టుకుని ఊరంతా తిరిగే ఆడది, దీనికిదెందుకు అనుకుంటన్నావా? అడుగు. నోరు తెరిచి అడుగు!"

"నాను నిన్ను ఏటీ అనలేదు కస్తూరీ. దాన్ని ఉండనియ్యే, నీకు దణ్ణం పెడతాను."

ఉండనివ్వమనడం సాక్ష్యానికే అనిపించింది కస్తూరికి. ఈ పేకెట్టు ఇంట్లో ఉన్నంతకాలం వీడు తనకేసి తిరగడు. దీదీ చెప్పినవన్నీ నిజాలే, కాదనలేదు. కాని ఇన్నాళ్ల ఎదురుచూపు తర్వాత వచ్చిన మొగుడు చేతికందే దూరంలో ఉండి అందకపోతే, ఆ నిజాలు పెట్టుకుని ఏం చేసుకుంటుంది?

గుప్పిట విడదీసి పేకెట్టు లాక్కుంది. గబగబా పెరట్లోకి వెళ్లి మండుతున్న పొయ్యిలో విసిరేసింది. తగరపు కాగితం ముడుచుకుని నల్లబడింది. రబ్బరు కమురుకంపు పెరడంతా కమ్మింది. అది బూడిదయ్యేదాకా నిలబడి చూసి, పొగకి కళ్లు మండుతుంటే లోపలికి వచ్చింది.

"కాల్చేసేను. నాకు నీ మీద అనుమానం లేదు. నీకూ నా మీద వద్దు. ఇప్పుడైనా ఇటు తిరుగు మావా."

కామేష్ తిరిగాడు. తండ్రి పాడె మోసిన రోజున కూడా తడవని ఆ కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. కస్తూరి చెయ్యి పట్టుకుని మొహానికి ఆనించుకున్నాడు. దగ్గిరకి మాత్రం లాక్కోలేదు.

"ఇంకోటుందా?" అన్నాడు.

"ఏటి?"

"ఇప్పుడు నువ్వు కాల్చేసిందే." ఆమె చెయ్యి వదిలేశాడు. "విశాఖలో నా రక్తం పరీచ్చ సేసేరు కస్తూరీ. నాకు హెచ్‌ఐవి ఉందంట."