కందిగింజంత నత్త

"దొరికాడు దొంగ!"

రాళ్ల మీద వంగి ఉన్న ముసలాయన చేతిలోంచి నత్తల మేడం బకెట్ లాక్కుంది.

లోపల సముద్రపు నీళ్లు. నీళ్లలో కందిగింజంత నత్తలు. ఒక్కోదాని పెంకు మీదా ఆమె గుర్తుగా పెట్టిన ఎర్ర గోళ్లరంగు చుక్క.

ఈ రకం నత్త ఆ రాళ్ల మీద తప్ప ఇంకెక్కడా లేదు. అవి రోజూ కొన్ని మాయమవుతుంటే, వాటి మీదే పరిశోధన చేస్తున్న ఆమెకి తిండి సయించడం లేదు. ఆ చోటు ఆమె చూపించింది భర్తకొక్కడికే.

"నా నత్తల్ని ఎత్తుకుపోతున్నావా?"

"లేదమ్మా, తెచ్చి పెడుతున్నాను."

"నా చెవిలో పువ్వులా? ఎవరిచ్చారు నీకివి?"

ముసలాయన తల దించుకున్నాడు.

"అది మాత్రం అడక్కమ్మా."

"ఆహా! దొంగతనానికి తోడు గుట్టొకటి!"

ఆమె వాచ్‌మన్‌ని కేకేసింది. అతను వచ్చి ముసలాయన రెక్క పట్టుకున్నాడు.

"మళ్లీ ఈ ఛాయలకొచ్చావో, కాళ్లు విరగ్గొట్టిస్తా!"

ముసలాయన వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగాడు.

"వాటిని త్వరగా వదిలెయ్యమ్మా, ఎండకి తట్టుకోలేవు."

"నాకే పాఠాలా! నడువు!"

రాత్రి అన్నం దగ్గర ఆ సంగతి చెబితే భర్తకి పొలమారింది. తన తరఫున కోపమొచ్చిందనుకుని, పాపం పిచ్చిది, మురిసిపోయింది.

వారం తిరక్కుండానే రాళ్లు బోసిపోయాయి. ఎంత వెతికినా ఒక్క నత్తా కనబడలేదు.

భర్తకి చెప్పుకుని ఏడుద్దామని మధ్యాహ్నమే ఇల్లు చేరింది. గుమ్మంలోనే నీచు వాసన గుప్పుమంది. వంటింట్లో భర్త గిన్నెలోంచి పెంకుల్ని చిల్లుల గరిటెతో తీసి గుడ్డ మీద ఆరబోస్తున్నాడు. అన్నిటి మీదా ఎర్ర చుక్కలే.

"మీరా!"

అతను గరిటె వదిలేశాడు.

"చెవిపోగులు చేసేవాళ్లు అడిగారు. బతికుండగా ఉడకబెడితేనే పెంకుకి మెరుపు ఉంటుందట..."

"నమ్మించి ఇలా గొంతు కోస్తారా? ఇన్నాళ్లూ ఇదేనా మీరు చేస్తున్నది?"

"ఒట్టు, ఇన్నాళ్లూ ఒక్కదాన్నీ చంపలేదు! బతికున్నవి ఎన్ని తెచ్చినా ఆ ముసలాయనే కొనేసేవాడు. వేరేవాళ్లకి ఇవ్వొద్దని బతిమాలేవాడు. ఆయన్ని తరిమేసింది నువ్వేగా!"

ఆమె గుడ్డ మీంచి ఒక పెంకుని చేతిలోకి తీసుకుంది.

తను దొంగని చేసి వెళ్లగొట్టిన ఆ మనిషి, తన మొగుడు అమ్ముకున్న ప్రాణాల్ని కొని తెచ్చి, అతని పేరైనా బయటపెట్టకుండా, తిరిగి ఆ రాళ్ల మీదే వదిలిపెడుతూ వచ్చాడు.