చాటు ఓటు

రత్నమ్మకు చదువు రావడం వల్ల జరిగిన మొదటి నష్టం, లిఫ్టు పోవడం.

బెంగళూరు హూడిలో ఆమె పనిచేసే అపార్ట్‌మెంటుకు నాలుగంతస్తులు, పన్నెండు ఇళ్ళు. మెట్లు ఊడ్చేదీ, ఇంటింటి చెత్తా కిందికి దించేదీ ఆమే. లిఫ్టు పక్కన కన్నడంలో ఒక బోర్డు ఉండేది. ఆరేళ్ళుగా ఎవరు అడ్డుపడినా, "నాకు చదువు రాదు కదప్పా" అనేసి లిఫ్టు ఎక్కేది. వాళ్ళూ ఊరుకునేవాళ్ళు.

యాభై ఐదో ఏట సాయంత్రం బడికి వెళ్ళి కన్నడ అక్షరాలు నేర్చుకుంది. ఒక ఉదయం ఆ బోర్డు ముందు నిలబడి, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని గట్టిగా చదివింది. పనివాళ్ళు లిఫ్టు వాడకూడదు.

వెనకాల చప్పట్లు వినిపించాయి. అసోసియేషన్ సెక్రటరీ వెంకటేశప్ప.

"శానా బాగా చదివితివి రత్నమ్మా. ఇంక మెట్లు ఆ పక్క ఉండాయి."

ఆ రోజు నుంచి ఆమె మోకాళ్ళకు చదువు మీద కోపం వచ్చింది. ఒక చేత్తో తడి చెత్త బకెట్టు, ఇంకో చేత్తో పొడి చెత్త సంచి, రోజూ నాలుగంతస్తులు.

"ఇంకో నెల చూస్తా మేడమ్. కాళ్ళు వద్దంటే పని మానుకుంటా," అని మిద్దె మీది గదిలో అద్దెకుండే సుమతో చెప్పింది.

సుమ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతుంది. ఓటింగ్ పద్ధతుల మీద పరిశోధన చేస్తోంది. అందరి ముందూ చేయెత్తే ఓటుకూ, ఎవరికీ కనబడని చాటు ఓటుకూ తేడా ఎంత? మనుషులు నలుగురిలో బిగుసుకుంటారు, చాటున మెత్తబడతారు అని ఆమె నమ్మకం. నమ్మకం ఉంది కానీ రుజువు లేదు.

ఆదివారం పార్కింగులో మీటింగు జరిగింది. అద్దెవాళ్ళకు ఓటు లేదు. మాట్లాడకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. సుమ లేచి, పనివాళ్ళను లిఫ్టు ఎక్కనిద్దామా అని అడిగింది.

"సరే అనేవాళ్ళు చేతులెత్తండప్పా," అన్నాడు వెంకటేశప్ప, ఒక్కొక్కరినీ చూస్తూ.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"వద్దనేవాళ్ళు?"

పదకొండు లేచాయి. పన్నెండో చెయ్యి మొదటి అంతస్తు నవీన్‌ది. అందులో ఫోన్ ఉంది.

"ఇదే ఓటు చీటీల మీద ఇంకోసారి పెడదాం సార్, నా పరిశోధన కోసం," అంది సుమ. "కాకపోతే చీటీల్లో ఏది వస్తే అదే రూలు కావాలి. ఉత్తుత్తి ఓటైతే ఎవరూ మనసు పెట్టరు."

"పెట్టుకోమ్మా. లెక్క మారిందంటే ఆ బోర్డు నేనే పీకేస్తా."

సుమ చీటీలు అచ్చు వేయించింది. పైన 'వాడొచ్చు', కింద 'వాడకూడదు'. పక్కన ఒక్కో గడి. వాటితోపాటు ఒక సీలు వేసిన డబ్బా రత్నమ్మ చేతికిచ్చింది.

"మీరే తిరగచ్చు కదా మేడమ్?"

"నేను గుమ్మంలో నిలబడితే మొహమాటపడతారు. పరిశోధన చెడిపోతుంది. మీరు ఎలాగూ చెత్తకు వెళ్తారు కదా రత్నమ్మగారూ. ఒక్కటే గుర్తుపెట్టుకోండి. ఎవరు ఏం రాస్తున్నారో తొంగి చూడకూడదు."

"నేనేల చూస్తా మేడమ్."

సోమవారం ఎనిమిదింటికి ఆమె మెట్లెక్కింది. నవీన్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. రెండో అంతస్తులో సౌమ్య ఒక కన్ను పెనం మీద పెట్టి కూతురికి జడ వేస్తోంది. నాలుగో అంతస్తులో వెంకటేశప్ప ఒక బుగ్గ గీసుకుని, రెండో బుగ్గన నురగతో తలుపు తీశాడు. ఒక్కో గుమ్మం దగ్గర అరనిమిషం పట్టింది. తొమ్మిదికల్లా పన్నెండు చీటీలూ డబ్బాలో పడ్డాయి.

"చెత్త కంటే బిరీన వచ్చేసినాయి మేడమ్," అంది రత్నమ్మ ఆయాసపడుతూ.

సాయంత్రం అందరి ముందూ సుమ డబ్బా తెరిచింది. మొదటి చీటీ: వాడొచ్చు. రెండోది: వాడొచ్చు. ఆరోదీ అదే. పన్నెండోది కూడా వాడొచ్చు.

వెంకటేశప్ప చీటీలు తీసుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. సౌమ్య నవీన్ వైపు చూసింది. నవీన్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "నాది కూడానా?" అని వెనక ఎవరో గొణిగి, వెంటనే దగ్గారు.

మంచితనం బయటపడినందుకు ఎంత సిగ్గుపడుతున్నారో అనుకుంది సుమ. ఆమె కళ్ళు చెమర్చాయి.

వెంకటేశప్ప మాట తప్పే మనిషి కాదు. స్క్రూడ్రైవర్ తెచ్చి బోర్డు పీకేశాడు.

ఆరు నెలలకు సుమ వ్యాసం పెద్ద పత్రికలో అచ్చయింది. చాటు ఓటు మనిషిలోని దయను బయటికి తెస్తుందని అందులో రుజువు చేసింది. ఢిల్లీ సదస్సులో దాన్ని చదివితే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇదే పద్ధతిలో నాలుగు నగరాల్లో సర్వే చేయమని అడిగారు.

ఢిల్లీ నుంచి తిరిగొచ్చి, పెట్టెతో లిఫ్టు ఎక్కేసరికి లోపల బకెట్లతో రత్నమ్మ ఉంది.

"రత్నమ్మగారూ, ఒక్క సంగతి నాకు తెలియకుండానే వ్యాసం రాసేశాను," అంది సుమ. "ఆ రోజు వాళ్ళను దగ్గరగా చూసింది మీరొక్కరే. చీటీ ఇస్తుంటే ఎవరైనా ఏమైనా అన్నారా?"

రత్నమ్మ నాలుగో నంబరు నొక్కింది.

"అందురూ ఒకే మాట చెప్పిరి మేడమ్, నాకు టైము లేదు, నువ్వే ఏదో ఒకదానికి టిక్కు కొట్టి వేసేయి రత్నమ్మా అని."