ఇయ్యాల ఏ గల్లీ?

ఆ ముసలవ్వ మళ్లా వచ్చింది.

"ఇయ్యాల ఏ గల్లీ తవ్వుతరు బిడ్డా?"

రోజూ గదే మాట. జవాబు చెవిన పడంగనే కొంగు నెత్తిమీదికి గుంజుకొని మంచుల పడి నడిచిపోతది. ఎటు పోయిందో తెల్వది, మెల్లగ కనవడకుంట అయితది.

నల్లగొండల నల్లా పైపులు బాగుజేసే పని గుర్వయ్య మేస్త్రీది. పొద్దు పొడవక ముందే, మబ్బులనే లేచి గల్లీలు తిరుగుతడు. గడ్డపార నేలకు ఆనించి, కొసకు చెవి పెట్టి వింటడు. పైపు పగిలిన కాడ నీళ్లు నిద్రల మాట్లాడే మనిషి లెక్క గొణుగుతయట. ఆ గొణుగుడు వినుకుంట ఒక్కోసారి నిలవడే కునుకు తీస్తడు, మహానుభావుడు. అటెన్క వచ్చి, ఏ ముఠా ఏ గల్లీకి పోవాల్నో చెప్తడు.

ఎనుకట అయితే ముందురోజే డప్పు కొట్టి, ఫలానా గల్లీల నీళ్లు బంద్ అని చాటేటోళ్లు. రజాకార్లు పోయి మిలిటరీ వచ్చినంక డప్పు కొట్టొద్దు, గుంపు కట్టొద్దని హుకుం. ఇంకేముంది, చెప్పకుండనే బంద్ పెట్టుడు, చెప్పకుండనే తవ్వుడు.

పోయిన నెల ముఠాల సాయిలు గిట్లనే గుంత తవ్వుతుంటే, వీడు కమ్యూనిస్టు సంగపోడు, తుపాకులు పాతిపెడుతున్నడని ఎవరో మిలిటరీకి చెప్పిండ్రు. లారీల ఏసుకొని పోయిండ్రు. మనిషి ఇంక ఇల్లు చేరలే.

గప్పటి సంది రాత్రిపూట గుర్వయ్యకు కంటికి కునుకు లేదు. ఇంకొకడు పోతే వాని పెండ్లాం పిల్లలకు ఏం జవాబు చెప్పాలె? ఎవలను చూసినా అనుమానమే.

"మీది ఏ ఊరు అవ్వా?" అని అడిగిండు.

"ఉండె బిడ్డా. ఇప్పుడు లేదు."

"మరి గల్లీ సంగతి నీకెందుకు?"

"ముందుగాల ఎరికైతే బిందెలు నింపి పెట్టుకోవచ్చు గద."

ఊరే లేదు, ఇల్లే లేదు, బిందెలేడివి ఈమెకు? సాయిలును పట్టిచ్చింది గీమెనే అని ముఠాల పనిచేసే ఐలేశం చెవుల ఊదిండు. గుర్వయ్యకూ గదే అనిపించింది.

ఆనాడు తవ్వేది గొల్లగల్లీ.

"కుమ్మరివాడ అవ్వా," అన్నడు గుర్వయ్య, మొఖం అటు తిప్పుకొని.

అవ్వ నవ్వి, "సల్లగుండు" అని పోయింది.

ముఠాను గొల్లగల్లీకి తోలి, తను ఆమె ఎన్కనే పోయిండు. గోడ చాటుకు నిలవడి చూసిండు. అవ్వ ఇల్లిల్లు తొంగి చూస్తాంది. ఒక ఇంట్లకు పోయింది, వచ్చింది. ఇంకో ఇంట్లకు పోయింది. పొద్దు పొడుస్తుంటే ఆ వాడంత పొగలో ఏమో, కలలో ఏమో అన్నట్టున్నది.

గంతల మిలిటరీ లారీ వచ్చి ఆగింది. ఒక జవాను అవ్వ చెయ్యి పట్టి లారీ ఎక్కించిండు. మర్యాద చూడుండ్రి! అవ్వ కొంగు నెత్తిమీదికి గుంజుకొని కూసున్నది. లారీ పోయింది.

అబ్బ, గుర్వయ్య పానం నిమ్మలపడ్డది. తన అనుమానం నిజమే, తన మనుషులు బతికిపోయిండ్రు. ఆ ఖుషీల పొద్దుగూకే దాకా ముఠాతోటి కలిసి తవ్విండు. పైపుకు కొత్త ముక్క ఎక్కించి, చావి తిప్పి నీళ్లు ఇడిసిండు.

గల్లీ కొసకు ఆయన అక్క గోపమ్మ ఇల్లు. కాలిరిగి మంచం పట్టింది. పని పని అనుకుంట గుర్వయ్య ఆ గడప తొక్కి చాన్నాళ్లయింది. ఎదురింటామెనే ఇంత తిండి పెట్టి, నల్లా తిప్పి నీళ్లిస్తది. నల్లా బందైతే ఆమెకు సుత బాయి కాడనే పొద్దుగూకుతది. ఇయ్యాల ఎట్లయినా అక్కను చూడాలె అనుకొని తలుపు నూకిండు.

బిందెలు ఎండిపోయి ఉన్నయి. గోపమ్మ పెదవులు పగిలిపోయినయి.

ఉరికి చెంబుల నీళ్లు పట్టుకొచ్చి, తల లేపి తాగించిండు. సిగ్గుతోటి ఆయన మొఖం మాడిపోయింది. ఇన్నొద్దులు రాలేదు, తప్పైంది అక్కా అన్నడు.

గోపమ్మ ఊపిరి పీల్చుకొని, ఆయన చెంప నిమిరింది.

"నువ్వు రాకుంటే ఏమాయె తమ్మీ, నల్లా బందైన ప్రతిసారి పొద్దుగాలనే ఓ ముసలవ్వను పంపిస్తుంటివి, గల్లీల లేవలేనోళ్ల ఇండ్లల్ల బిందెలన్ని నింపి పోతుండె పాపం, మరి ఇయ్యాల ఎందుకు పంపకపోతివిరా?"